ఏడుపాయల దారిలో ట్రాక్టరు ట్రాలీ

మహాశివరాత్రికి ముందుదినం మెదకు పట్టణంలో రాందాసు చౌరస్తా దగ్గర కొంతసేపు నిలుచుంటే చాలు, జాతర బయలుదేరినదని తెలుస్తుంది. ట్రాక్టరు వెంట ట్రాలీ; ట్రాలీ నిండ వంటపాత్రలు, బియ్యపు మూటలు, కట్టెలు, నీళ్ళ డ్రమ్ము, గుడారపు గుంజలు, ఒక మూల కట్టివేసిన మేకపోతు; వీటన్నిటి నడుమ టార్పాలిను నీడలో ముసలివారు, పసిపిల్లలు. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీరా ఏడు పాయలుగా చీలినచోట వెలసిన వనదుర్గా భవాని సన్నిధికి పోయే కుటుంబాలివి. అక్కడనే వండుకొని, అక్కడనే పండుకొని, రెండవనాటి బండ్ల ఊరేగింపు, మూడవనాటి రథోత్సవం చూచుకొని తిరిగివస్తారు. ఆ మూడు దినాలు ట్రాలీయే వారికి ఇల్లు.

ఇటువంటి చక్రాల ఇంటిని పశ్చిమదేశాలవారు కారవాన్ అంటారు. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు గుర్రాలు లాగే ఇల్లొకటి వినోదయాత్రల కొరకు కట్టించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టినాడు. తరువాత గుర్రం స్థానంలో మోటారుకారు వచ్చింది. మన ఏడుపాయల యాత్రికుడు ఆ వైద్యుని పేరైనా వినకుండగనే ఆ పని చేస్తున్నాడు. అతని తాతగారు ఎడ్లబండితో చేసినారు. కాని ఒక భేదమున్నది. బ్రిటనులో కారు లాగుతున్నంతసేపు కారవాన్‌లో మనుష్యులెవ్వరూ కూర్చొనరాదు. అది అక్కడ నేరం. మనవద్ద ఇల్లు కదులుతుండగా ఇంటిల్లిపాదీ అందులోనే ఉంటారు. ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినదంతా ఈ భేదం చుట్టూ తిరుగుతుంది.

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ట్రాలీని లాగేది ట్రాక్టరు, సరే. ట్రాలీని ఆపేది ఏది?

ఎడ్లబండి నాడు ఈ ప్రశ్నకు జవాబు కంటికి కనబడేది. పల్లం వచ్చినప్పుడు బండి బరువు నొగ వెంబడి కాడి మీదికి తోసుకొని వచ్చేది. ఎడ్లు గిట్టలు తన్నిపట్టి, మెడలు వెనుకకు వంచి, ఆ తోపును ఆపేవి. బండివాడు దిగి నడుస్తూ ఎడ్లను అదిమిపట్టేవాడు. ఎడ్లు ఆపలేని బరువును బండికి ఎత్తడానికి అతనికి మనసొప్పేది కాదు, ఎందుకంటే ఆ బాధ ఎడ్ల కన్నులలో అతనికి కనబడేది. ట్రాక్టరుకు కన్నులు లేవు. ఎంత బరువు తగిలించినా పొగ గట్టిగా వదలి కదలుతుంది. లాగగలిగినదంతా ఆపగలదని మనం అనుకొంటాము. పొరపాటంతా అక్కడనే ఉన్నది.

సాధారణమైన ట్రాక్టరుకు బ్రేకులు వెనుక రెండు చక్రాలకే ఉంటాయి. మన పల్లెలలో తిరిగే ట్రాలీలలో చాలావాటికి అసలు బ్రేకులే లేవు. కావున ఆ జంట మొత్తాన్ని ఆపవలసిన పని ట్రాక్టరు వెనుక చక్రాలు రెండింటి మీదనే పడుతుంది. రెండు టన్నుల ట్రాక్టరు ఒంటిగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎండిన తారురోడ్డు మీద పోతున్నదనుకొందాము. బ్రేకు గట్టిగా తొక్కితే రమారమి 9 మీటర్లలో నిలుస్తుంది. దానికే సరుకుతో కలిపి ఐదు టన్నులు తూగే బ్రేకులేని ట్రాలీని తగిలించండి. అదే వేగం, అదే రోడ్డు, అదే పాదం. నిలవడానికి 27 మీటర్లకు తక్కువ పట్టదు. ప్రమాదాన్ని చూచి పాదం బ్రేకు మీదికి పోవడానికి పట్టే ఒక్క సెకనులో మరి 8 మీటర్లు ముందే గడచిపోతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు తొక్కిన పిమ్మట పోయే దూరం నాలుగింతలవుతుంది. ఇసుకగాని, తడి ఆకులుగాని, వడ్లు ఆరబోసిన రోడ్డుగాని అయితే ఈ లెక్కలు కూడ దక్కవు.

కారవాన్‌లను చేసేవారు ఈ చిక్కును ఒక చక్కని ఉపాయంతో విడదీసినారు. ముందు కారు వేగం తగ్గించగానే వెనుక బండి దానిని తోస్తుంది గదా. ఆ తోపునే పట్టుకొని, కొక్కెం దగ్గర ఒక కడ్డీ లోపలికి జరిగి, కారవాన్ చక్రాలకుండే బ్రేకులను బిగించునట్లు అమర్చినారు. ఎంత తోస్తే అంత బిగింపు. పైగా కొక్కెం ఊడిపోతే లాగబడి బ్రేకులను పట్టివేసే సన్నని ఇనుపతీగ ఒకటి వేరుగా ఉంటుంది. మన ట్రాలీలకు ఇటువంటి అమరిక పెట్టరాదా అంటే, పెట్టవచ్చును. కొనేవారు బ్రేకులున్న ట్రాలీ కావలెనని అడగకపోవడమే అది మన ఊళ్ళలో అరుదుగా కనబడడానికి పెద్ద కారణమని మా అభిప్రాయం. ట్రాలీ చేయించుకొనేటప్పుడు రంగు, పేరు, పక్కపలకల మీద పువ్వులు, దేవతల బొమ్మలు ఎన్నో గంటలు మాట్లాడుకొంటారు; బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తరు.

ట్రాక్టరుకు ఉన్న బ్రేకుల సంగతి మరియొకటి చెప్పవలె. కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి, రెండు వేరువేరు పెడళ్ళుంటాయి. పొలంలో సాలు చివర చప్పున మలుపుకొనడానికి ఒక చక్రాన్ని మాత్రమే పట్టి ఉంచవలసివస్తుంది. అందుకొరకు ఈ ఏర్పాటు. రోడ్డెక్కేముందు ఈ రెండు పెడళ్ళను కలిపే కొక్కి ఒకటి ఉంటుంది, దానిని వేయవలె. వేయకుండ రోడ్డు మీద ఒక పెడలును తొక్కితే ఒక చక్రం ఆగి రెండవది పరుగెత్తుతుంది. ట్రాక్టరు ఆ పక్కకు గిరుక్కున తిరుగుతుంది. వెనుకనున్న బరువు దానిని బోల్తా కొట్టిస్తుంది. పొలంనుండి నేరుగా జాతర రోడ్డెక్కిన ట్రాక్టరులో ఈ కొక్కి తీసియే ఉండవచ్చును. చూడడానికి అర నిమిషం పట్టదు.

పల్లంలో ఇంధనం మిగులుతుందని గేరు తీసి, లేదా క్లచ్చి తొక్కిపట్టి, బండిని దాని ఇష్టానికి వదలివేసే అలవాటు కొందరు డ్రైవర్లకున్నది. మిగిలే డీజిలు ఒక గ్లాసెడు ఉంటుందేమో. గేరులో ఉన్నంతవరకు ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచుతుంది. అది బ్రేకుకు సగం చేయి. గేరు తీసినంతనే ఆ పట్టు పోయి, భారమంతా రెండు చక్రాల మీద పడుతుంది. వేగం పెరిగిన తరువాత మరల గేరు వేయవలెనంటే అది పడదు. ఏ గేరుతో ఎక్కవలసినంత ఏటవాలుగా దారి ఉన్నదో, ఆ గేరులోనే దిగవలెనన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం. గేరు పల్లం మొదలుకాకముందే వేసుకొనవలె, మధ్యలో కాదు.

వంపులో బ్రేకు తొక్కడం ఇంకొక గండం. ట్రాక్టరు మలుపు తిరిగి ఉన్నది. ట్రాలీ మాత్రం తిన్నగా ముందుకు తోస్తున్నది. ఆ తోపు ట్రాక్టరు వెనుకభాగాన్ని పక్కకు నెట్టి, రెండింటిని మడతకత్తి వలె మడిచివేస్తుంది. నివారణ సులువు: వేగమంతా మలుపుకు ముందు, దారి తిన్నగా ఉన్నచోట తగ్గించుకొనవలె. మలుపులో కాలు మెత్తగా ఉండవలె.

ఇక తగిలించే చోటు. ఇక్కడ మేము కొంత నిలుస్తాము, ఎందుకంటే నూరుమంది బరువు మోసేది ఇక్కడ బొటనవ్రేలంత లావు ఇనుపకడ్డీ. మెదకు పరిసరాలలో ఒక మెకానిక్కు షెడ్డులో మాకొక పిన్నును చేతికిచ్చి చూడమన్నారు. రెండు కొనలు దృఢంగా ఉన్నవి. నడుమ మాత్రం అరిగి అరిగి కందిరీగ నడుమంత సన్నబడియున్నది. తగిలించియున్నప్పుడు ఆ నడుము కనబడదు. పైన తల, క్రింద కొన మాత్రమే కనబడతాయి. కావున పిన్నును పైకి తీసి చూడవలె, ఉన్నచోటనే చూచి బాగున్నదనుకొనరాదు. పిన్ను పోయినదని పాత బోల్టునో, ఇంటికప్పుకు వేసే సలాకముక్కనో దూర్చి నడిపించడం మేము చూచినాము. అవి ఆ పనికి చేసినవి కావు; ఒక గుంత దెబ్బకు వంగుతాయి, మరొకదానికి విరుగుతాయి. పిన్ను క్రింద జారిపోకుండ పెట్టే చిన్న క్లిప్పు కూడ అంత ముఖ్యమైనదే. కడచీల లేని బండి ఎంతో దూరం సాగదని మన పెద్దలు ఎరుగుదురు. ఇదీ ఆ జాతిదే. పిన్నుకు తోడుగా ఒక గట్టి గొలుసును ట్రాక్టరుకూ ట్రాలీకీ కలిపి కట్టితే, పిన్ను విరిగిననాడు ట్రాలీ దారిపోయేవారి మీదికి పోదు. గొలుసు నేల కొరగరాదు, మలుపులో బిగుసుకొనరాదు, అంత వదులు చాలును.

తగిలించే ఎత్తు కూడ గమనించవలె. ట్రాక్టరుకు వెనుక, క్రిందుగా ఉండే డ్రాబారే లాగడానికి నిర్ణయించిన చోటు. బురదలోనో ఇసుకలోనో కూరుకొనిపోయిన ట్రాలీని బయటికి లాగడానికి కొందరు గొలుసును ఇరుసుకన్న ఎత్తుగా, సీటు క్రిందనో పైలింకుకో కట్టుతారు. వెనుక చక్రాలు కదలక, ఇంజను మాత్రం తిప్పుతూనే ఉంటే, ట్రాక్టరు ముందుభాగం గాలిలోకి లేస్తుంది. లేచినది రెప్పపాటులో వెనుకకు తలక్రిందులై డ్రైవరు మీద పడుతుంది. మంజీరా ఇసుకలో ఈ తొందర పనికిరాదు. సరుకు దింపి, చక్రాల ముందు ఇసుక తోడి, పలకలు వేసి, నెమ్మదిగా లాగవలె.

బరువు సర్దడం గురించి బండి కట్టిన ఇంటివారికి మేము కొత్తగా చెప్పవలసినది లేదు. వెనుక బరువెక్కితే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు ఉరి పడుతుంది; ముందు బరువెక్కితే ఎడ్లు మెడలెత్తలేవు. కాడి మీద కొద్దిగా బరువు ఆనియుండునట్లు సర్దిన బండియే సుఖంగా నడుస్తుంది. రెండు చక్రాల ట్రాలీకీ అదే న్యాయం. కారవాన్ నడిపేవారు మొత్తం బరువులో నూటికి ఐదు నుండి ఏడు పాళ్ళు కొక్కెం మీద ఆనవలెనని కొలిచి చూచుకొంటారు. మనకు కొలత లేకున్నా సూత్రం ఇది: నీళ్ళ డ్రమ్ము, బియ్యపు మూటలు ఇరుసు మీద, ఇరుసుకు కొంచెం ముందుగా, అడుగున. పరుపులు, గంపలు పైన. అన్నీ వెనుక మూలకు తోసివేస్తే కొక్కెం పైకి లేవజూచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. ఉన్న ఒక్క బ్రేకు ఆ చక్రాలకే గదా! పైగా ట్రాలీ పాము వలె అటునిటు ఊగడం మొదలిడుతుంది. అట్లు ఊగితే బ్రేకు అదరిపాటుగా తొక్కక, యాక్సిలరేటరు వదలి, స్టీరింగు తిన్నగా పట్టి వేగాన్ని తగ్గనీయవలె. సగం నింపిన నీళ్ళ డ్రమ్ము నిండు డ్రమ్ముకన్న చెడ్డది; మలుపులో నీరంతా ఒక పక్కకు దొర్లుతుంది.

దారిలో వచ్చే చిన్న చిక్కులలో టైరు మొదటిది. ట్రాలీ సంవత్సరంలో చాలాకాలం ఎండలో నిలిచియుంటుంది. టైరు పళ్ళు అరగకున్నా పక్కలు పగుళ్ళువారుతాయి. పళ్ళు చూచి కొన్నవారు పక్కలు చూడక మోసపోతారు. చక్రపు నట్లు బయలుదేరేముందొకసారి, పది కిలోమీటర్లు పోయిన తరువాత మరియొకసారి బిగించి చూడవలె. ఆ రెండవ ఆగుడులో చక్రపు హబ్బు దగ్గరకు చేయి పోనిచ్చి, మొదట తాకకుండ వేడిని గమనించండి. తక్కినవాటికన్న ఒకటి బాగా కాగియుంటే దాని బేరింగులో గ్రీజు ఎండిపోయిందన్నమాట. అట్లే నడిపిస్తే చక్రం ఊడుతుంది. ఇంత సులువైన పరీక్షకు పనిముట్టు కూడ అక్కరలేదు.

పంచరైతే ట్రాలీని తారురోడ్డు పక్కన మెత్తని మట్టిలో జాకీ మీద ఎత్తరాదు, జాకీ దిగబడుతుంది. గట్టి నేలకు పోయి, మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా అడ్డురాళ్ళు పెట్టి, జాకీ క్రింద మందపు పలక వేసి ఎత్తవలె. ట్రాలీని ట్రాక్టరునుండి విడదీయకయే ఈ పని చేయడం మేలు. ఎత్తిన ట్రాలీ క్రింద తల పెట్టేవారు ఇరుసు క్రింద కొయ్యదిమ్మెలు కూడ పెట్టిన తరువాతనే పెట్టవలె. హైడ్రాలిక్కుతో వెనుకకు ఎత్తే ట్రాలీ తొట్టి విషయంలో ఈ జాగ్రత్త రెండింతలు కావలె. నూనె గొట్టం పగిలినా, ఎవరైనా లివరు తాకినా, తొట్టి హెచ్చరిక లేకుండ క్రిందికి వస్తుంది.

వెనుకకు నడపడంలో కొత్తవారు కంగారుపడతారు. ట్రాలీ తోక ఎడమకు పోవలెనంటే స్టీరింగు మొదట కుడికి తిప్పవలె. అది మళ్ళగానే ఎడమకు తిప్పి వెంబడించవలె. ఒకరు వెనుక నిలిచి చూడవలె, డ్రైవరుకు కనబడేచోట నిలిచి చూడవలె.

చీకటిలో ట్రాలీకి ఉన్న అపాయం ముందునుండి కాదు, వెనుకనుండి. నర్సాపూరు మీదుగా హైదరాబాదుకు పోయే జాతీయ రహదారి మీద కార్లు గంటకు 80 కిలోమీటర్లకు తక్కువ పోవడం అరుదు. అంటే సెకనుకు 22 మీటర్లు. దీపంలేని ట్రాలీ నల్లని గోడవలె ముందు నిలిచియుంటే, అది కంటబడేనాటికి ఆపడానికి వ్యవధి ఉండదు. ట్రాక్టరునుండి ట్రాలీకి పోయే తీగ ప్లగ్గు దగ్గర తుప్పుపట్టడమో, నేలకొరిగి తెగిపోవడమో తరచుగా జరుగుతుంది. పగలే దీపాలు వెలిగించి చూచుకొనండి. దీపాలు ఎట్లున్నా, వెనుక పలకకు రెండు కొనలలోను ఎర్రని మెరుపుపట్టీలు అంటించవలె. వాటికి కరెంటు అక్కరలేదు, తీగ అక్కరలేదు, ధర స్వల్పం. కాని గడ్డిమోపులో టార్పాలినో వాటిమీద వ్రేలాడకుండ చూడవలె.

ట్రాలీలో పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్లు పెట్టి పాటలు పెట్టించుకొంటూ పోవడం ఈనాటి జాతర అలవాటు. ధ్వనినే నమ్ముకొని బ్రతికే మేము దీనిని తప్పుపట్టడం వింతగా తోచవచ్చును. కాని వెనుక పిల్లవాడు జారినాడని పదిమంది కేకవేసినా డ్రైవరు చెవికి ఆ కేక చేరదు.

ఇప్పుడు మొదటి మాటకు వస్తాము. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో వ్యవసాయ కూలీలతో పోతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది మరణించినారు; వారిలో అత్యధికులు స్త్రీలు. అదే సంవత్సరం ఏప్రిలులో నల్లగొండ జిల్లాలో కూడ కూలీల ట్రాక్టరు కాలువలో పడి పలువురు స్త్రీలు చనిపోయినారు. ఆ ట్రాక్టర్లు పోయినవి దూరప్రయాణాలకు కాదు, రోజూ పోయే పొలాలకు. కాలువలో నీరు లోతుగా ఉండనక్కరలేదు. ట్రాలీకి సీట్లు లేవు, పట్టుకొనడానికి కడ్డీలు లేవు, పైకప్పు లేదు. తిరగబడినప్పుడు అది బోర్లించిన తొట్టి వలె లోపలివారిని తన క్రిందనే ఉంచుకొంటుంది. ఘనపురం ఆనకట్ట కాలువల వెంబడి పోయే మన దారులు తెలిసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రాలీ కూడ ఒక మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను కావలె. అది సరుకు మోయడానికి ఏర్పడినది, జనాన్ని మోయడానికి కాదు. వ్యవసాయానికని బీమా చేసిన ట్రాలీలో యాత్రికులు పోయి చనిపోతే, బీమా పరిహారం కొరకు వారి కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

కాని ఊరంతా కలిసి పోయే సంబరం ట్రాలీలోనే ఉన్నదని మాకు తెలియకపోలేదు. ఇంటికి నలుగురో అయిదుగురో ఉన్నచోట, వేరువేరుగా బస్సుచార్జీ లెక్క చూచుకొంటే ట్రాలీయే చవుక అనిపిస్తుందనీ తెలుసును. మా సలహా ఇది. వంటసామాను, గుడారం, నీళ్ళు, మేకపోతు ట్రాలీలో పోవచ్చును. వాటితో ఇంజనువద్ద డ్రైవరొక్కడు పోవలె. మనుష్యులు ఆర్టీసీవారు జాతరకు నడిపే ప్రత్యేక బస్సులలో పోవలె. మెదకునుండి ఏడుపాయలకు పదిహేను ఇరవై కిలోమీటర్లు మాత్రమే; సామాను ఒక గంట ముందు పంపితే మీరు చేరేసరికి గుడారం వేసియుంటుంది. ట్రాక్టరు మడ్‌గార్డుల మీద ఇద్దరిద్దరిని కూర్చొనబెట్టడం మాత్రం ఎవ్వరూ, ఏ కారణంచేతనూ, పొలానికి పోయేటప్పుడు కూడ చేయరాదు. అక్కడనుండి జారినవారు నేరుగా పెద్ద చక్రం క్రిందనే పడతారు.

ట్రాక్టరు బాడుగకు మాట్లాడేది ఇంటిపెద్ద. కాని సామాను సర్దేది, పిల్లలను ఎక్కించేది ఇంటి ఇల్లాలు. కావున ఆమెయే డ్రైవరును అడగవచ్చును: నాయనా, పెడళ్ళ కొక్కి వేసినావా, పిన్నును తీసి చూచినావా, వెనుక దీపం వెలుగుతున్నదా, రాత్రి నిద్రపోయినావా? ఈ చివరి ప్రశ్న తిరుగుప్రయాణంలో మరీ ముఖ్యం. జాగరం చేసినది భక్తులే కాదు, డ్రైవరు కూడ. రథోత్సవం చూచి ఆ రాత్రికి రాత్రే బయలుదేరే ట్రాక్టరుకన్న, అతనిని నాలుగు గంటలు పండుకొననిచ్చి తెల్లవారి బయలుదేరిన ట్రాక్టరు ముందుగా ఇల్లు చేరకపోయినా, చేరుతుంది.

నది ఒడ్డున ట్రాలీని నిలిపినప్పుడు ట్రాక్టరు గేరులో పెట్టి, చేతిబ్రేకు వేసి, తాళంచెవి తీసి, ట్రాలీ చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టవలె. మధ్యాహ్నపుటెండలో నీడ కొరకు ట్రాలీ క్రింద చాప పరచుకొని పిల్లలు పండుకొంటారు. ఆ నీడ వద్దు. ఒక గుడారం ఎక్కువ వేయండి.